మూడు పూటలు చూసి కొన్న మానిటర్

ఒక వస్తువును కొనడం కంటే దాని గురించి చదవడానికే ఎక్కువ రోజులు పట్టే వయసు ఒకటుంటుంది. నాకది ఇరవై మూడో ఏట వచ్చింది. ఆ రోజుల్లో నాయన ఉన్నాడు, ఇంట్లో ఆవులున్నాయి, పూతలపట్టు నుంచి మా ఊరికి షేర్ ఆటోలు పూటకు రెండు వచ్చేవి. నేను చిత్తూరులో ఒక ఫొటో స్టూడియోలో ఏడాదిన్నర పాటు పెళ్ళి ఆల్బములు డిజైన్ చేసి, ఇక సొంతంగా చేసుకుంటానని చెప్పి వచ్చేశాను. స్టూడియో యజమాని (మేమంతా ఆయన్ని ఫ్లాషన్న అనేవాళ్ళం) కోప్పడలేదు. “పోయిరామ్మా. మూడు నెల్లు సూడు. నీ కుర్చీ యాడికీ పోదు, ఈడనే ఉంటాది” అన్నాడు. తిట్టి ఉంటే అంత బాధ కలిగేది కాదు.

ఇంట్లో పని మొదలుపెట్టడానికి నా దగ్గరున్న మానిటర్, మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి చవకగా తెచ్చుకున్నది. దాని ఎడమ సగం కాస్త పసుపుగా, కుడి సగం కాస్త నీలంగా ఉండేది. పెళ్ళికొడుకును ఎడమ వైపు పెడితే కామెర్లు వచ్చినట్టూ, కుడి వైపు పెడితే చలికి బిగుసుకుపోయినట్టూ కనిపించేవాడు. నేను ఆ తేడాను మనసులోనే సర్దుకుని పని చేసేదాన్ని. నా మొదటి ఆర్డరు పూతలపట్టులో జరిగిన ఒక పెళ్ళిది. పెళ్ళికూతురి అత్తగారు ముహూర్తానికి తానే ఎంచి తెచ్చిన పట్టుచీర అరక్కు రంగుది. (అరక్కు అంటే లక్క ఎరుపు. మా వైపు ఆడవాళ్ళకు ఎరుపులు పది రకాలు. అరక్కు వాటన్నిటికీ పెద్దక్క.) నేను నమూనాకని ప్రింటు తీయించి ఇచ్చిన పేజీలో ఆ చీర వంకాయ రంగులో వచ్చింది.

ఆమె ఆ పేజీని చేయి చాపినంత దూరంలో పెట్టుకుని చూసి, “ఇది మేం పెట్టిన చీర కాదే” అంది. అక్కడితో ఆగి ఉంటే అది నా తప్పుగానే మిగిలేది. ఆమె దాన్ని తీసుకుని నేరుగా వియ్యపురాలి ఇంటికి పోయింది. “మేం పెట్టిన చీర దాసిపెట్టి, ఇంకోటి కట్టించి పీటల మీద కూచోబెట్టినారా?” అని అడిగింది. పెళ్ళికూతురి తల్లి ఏడ్చింది. పెళ్ళికూతురు అత్తగారింట్లో బీరువా తెరిచి, చీర అక్కడికే తెచ్చి చూపించింది. చీర అరక్కే. “అయితే ఫొటోలో కట్టుకోనుండేది ఏంది మరి?” అంది అత్తగారు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు, నా దగ్గర తప్ప. నేను పోయి తప్పు ఒప్పుకున్నాను. ఆమె నమ్మీ నమ్మనట్టు తల ఊపి గడువు పెట్టింది. ఆషాఢం పుట్టగానే కొత్త కోడలు పుట్టింటికి పోతుంది. పోయేటప్పుడు ఆల్బమ్ ఆమె చేతిలో ఉండాలి, అందులో చీర అరక్కుగా ఉండాలి. లేకపోతే పని చిత్తూరు స్టూడియోకు ఇచ్చేస్తారు. అంటే ఫ్లాషన్నకు. అంటే ఆ పని వెనకే నేనూ పోయి ఆ కుర్చీలో కూర్చోవడం. ఆషాఢానికి ఇరవై రోజులుంది. ఆ రోజు నుంచి నేను ఆమెను మనసులో అరక్కత్త అని పిలవడం మొదలుపెట్టాను.

కొత్త మానిటర్ కొనాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఏది కొనాలో తేల్చుకోవడానికి పదకొండు రోజులు పట్టింది, అప్పటికీ తేలలేదు. మొదటి రెండు రోజుల్లోనే వందల మానిటర్లు రెండుకు దిగాయి. ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే ఆకారం, ధరలో తేడా తిరుపతికి పోయి వచ్చే బస్సు చార్జీ అంత. మిగతా తొమ్మిది రోజులూ ఆ రెండింటి మధ్యనే గడిచాయి. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, ప్రతి పేజీకీ మధ్యలో గీత గీసి, ఒక పక్క ఒకదాని గుణాలు, ఇంకో పక్క రెండోదాని గుణాలు రాశాను. రెండూ కోటీ అరవై ఏడు లక్షల రంగులు చూపిస్తాయట. ఒకటి బొమ్మ మార్చడానికి అయిదు మిల్లీసెకండ్లు తీసుకుంటే రెండోది నాలుగే తీసుకుంటుందట. ఆ ఒక్క మిల్లీసెకండు గురించి రెండు రోజులు బాధపడ్డాను. (నేను చేసేది పెళ్ళి ఫొటోల పని. వాటిలో ఎవరూ కదలరు.) ఊరూ పేరూ తెలియని ఒక మనిషి ఇంటర్నెట్లో, వాటిలో ఒకదాని కింది మూలలో వెలుగు కారుతోందని రాశాడు. ఇంకొకాయన కారదని రాశాడు. ఇద్దరిలో ఎవరు నిజాయితీపరుడో తెలుసుకోవడానికి, వాళ్ళు అంతకుముందు కొన్న మిక్సీల గురించీ చెప్పుల గురించీ రాసిందంతా వెతికి చదివాను. కారుతుందన్నాయన చెప్పుల విషయంలో చాలా న్యాయంగా రాశాడు. అందుకని ఆ మానిటర్ కు అర మార్కు తగ్గించాను.

నాయన పాడి ఆవులను చూసిపెట్టే మనిషి. తాను అమ్మడు, కొనడు. కొనేవాళ్ళ వెంట పోతాడు. చుట్టుపక్కల ఎవరు జెర్సీ ఆవు కొనాలన్నా పొద్దున్నే మా ఇంటికొచ్చి, ఆయన కాఫీ తాగడం అయ్యేదాకా అరుగు మీద కూర్చుని, వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. ఆయన పదకొండు రోజులుగా నా వెనక నుంచి పోతూ వస్తూ నోటుబుక్కు చూస్తూనే ఉన్నాడు. పన్నెండో రోజు ఆగాడు.

“ఏంది పాపా, ఇంకా తెగలేదా?”

“రెండూ ఒకటి మాదిరే ఉండాయి నాయనా.”

“ఒకటి మాదిరే ఉంటే ఏదో ఒగటి తెచ్చుకో.”

“ఒకటి మాదిరి ఉండాయి గానీ, ఒకటి కాదు.”

ఎవరికి చెప్పినా విసుక్కునే ఈ మాట ఆయనకు వెంటనే అర్థమైంది. “అవును. ఒగే తల్లి పెయ్యలే. ఒగటి తంతాది, ఒగటి తన్నదు” అన్నాడు. కాసేపు ఆలోచించి, “వాటిని నువ్వు సూసినావా?” అని అడిగాడు.

“చదివినాను.”

“సదివినావా! ఆవును సదివి కొన్నోణ్ణి నేను ఇంతవరకూ సూళ్ళేదు తల్లీ. లెయ్, చెప్పులేసుకో.”

ఆ సాయంత్రం తిరుపతి బస్సెక్కాం. రైలు స్టేషనుకు దగ్గరలో ఒక సందులో ఒక కంప్యూటర్ల షాపు ఉండేది. యజమాని నలభై దాటిన మనిషి. కళ్ళజోడును నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుని, అది ఎక్కడుందా అని బల్ల మీద వెతుక్కునేవాడు. మా అదృష్టం కొద్దీ నా రెండు మానిటర్లూ ఆయన దగ్గర పెట్టెల్లోంచి తీసి పెట్టినవే ఉన్నాయి, పక్కపక్కన, వెలుగుతూ. రెండింటిలోనూ ఒకే వీడియో నడుస్తోంది. రామచిలుకలు ఎగిరాయి. జలపాతం దూకింది. నిమ్మకాయ ముక్క ఒకటి నీళ్ళలో పడింది. మళ్ళీ రామచిలుకలు. నేను నోటుబుక్కు తెరిచి మొదటి ప్రశ్న అడగబోతూ పక్కకు చూస్తే నాయన లేడు. బల్ల వెనక్కి పోయి మానిటర్ల వీపులు చూస్తున్నాడు.

“పెద్దాయనా, స్క్రీను ఈ పక్కుండాది” అన్నాడు కళ్ళజోడాయన.

“మొగం సూసి కొనేవోడు మోసపోతాడప్పా” అన్నాడు నాయన అక్కడి నుంచే. రెండింటి వీపుల మీదా అరచేయి ఆనించి వేడి చూశాడు. వైర్లు దూరే చోటు వేలితో తడిమాడు. స్టాండు పట్టుకుని కొద్దిగా ఊపి, “కాలు సన్నం” అన్నాడు. తర్వాత ముందుకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, రామచిలుకలు మూడుసార్లు తిరిగొచ్చేదాకా నిలబడ్డాడు.

“ఇది ఎప్పుడూ ఇంత మెరుపుగానే ఉంటాదా?”

కళ్ళజోడాయన నిజం చెప్పే మనిషి. అది అంగట్లో చూపించడానికని పంపిన వీడియో అనీ, దానికోసం వెలుగంతా పెంచి పెడతామనీ, ఇంట్లో అంత పెట్టుకుంటే కళ్ళు పోతాయనీ చెప్పాడు. నాయన నా వైపు తిరిగాడు.

“ఇదేందంటే పాపా, సంతకు తోలే ముందు ఒగ పూట పాలు పిండకుండా ఆపుతారే, అదే. పొదుగు నిండుగా అవుపడతాది. తోలుకోనొచ్చినాక సూస్తే చెంబుడే.”

నా నోటుబుక్కులో నూట పన్నెండు పేజీలు నిండి ఉన్నాయి. ఈ మాట అందులో ఎక్కడా లేదు.

మా వైపు పాడి ఆవును కొనేటప్పుడు అమ్మేవాడి ఇంటి దగ్గరే వరుసగా మూడు పూటలు పాలు పిండి చూస్తారు. మొదటి పూట దాచిపెట్టిన పాలు కూడా వస్తాయి. రెండో పూట తగ్గుతాయి. మూడో పూట నిజం తెలుస్తుంది. “మేం మూడు పూటలు సూసి తీసుకుంటాం” అన్నాడు నాయన, మానిటర్ల వైపు చూస్తూ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏర్పేడు దగ్గర చదువుతున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు అక్కడే కీబోర్డులు చూస్తున్నారు. వాళ్ళు నవ్వుతారేమోనని నేను నోటుబుక్కును ఛాతీకి అడ్డం పెట్టుకున్నాను. కళ్ళజోడాయన మాత్రం కళ్ళజోడును నుదుటి మీది నుంచి ముక్కు మీదికి దించాడు.

“నాకు ఈ సంగతి పోయినేడు తెలిసుంటే బాగుండేది పెద్దాయనా. మా అత్తగారింటికి ఆవును తెచ్చిచ్చినాను. ఒక పూటే సూసినా.”

“ఎన్ని లీటర్లన్నాడు?”

“పన్నెండు.”

“ఎన్నిచ్చింది?”

కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ దుఃఖంలో ఇద్దరూ ఒక్కటయ్యారు. తర్వాత మూడు పూటలకు ఒప్పందం కుదిరింది. ఆ సాయంత్రాన్ని ఒక పూట కింద జమ కట్టారు.

రెండో పూటకు మన చెంబు మనం తెచ్చుకోవాలన్నాడు నాయన. అమ్మేవాడి చెంబుతో పాలు కొలవకూడదట. మా చెంబు ఏమిటని బస్సులో ఆలోచించి, పెళ్ళి ఫొటోలు సరే, అసలు చీరనే తెచ్చి పక్కన పెట్టి చూడాలని తేల్చాం. పూతలపట్టులో దిగి అరక్కత్త ఇంటికి పోయి చీర అడిగాం.

“చీర ఇచ్చేదేందన్నా? నా కళ్ళ ముందర ఉండంగానే ఇంత రచ్చయింది. ఎత్తుకోని పోతే ఇంకే రంగులో తెస్తారో. నేనే వస్తా.”

మరుసటి రోజు పొద్దున పదింటికి ఆమె వైరు బుట్టతో షాపులో దిగింది. బుట్టలో పాత పంచెలో చుట్టిన చీర, దాని కింద ముగ్గురికీ చిత్రాన్నం. రామచిలుకలను ఆపించి, రెండు మానిటర్లలోనూ ఆమె కోడలు పీటల మీద కూర్చున్న ఫొటో పెట్టించాం. నడుమ చీర విప్పి, ఒక కొస అరక్కత్త, ఒక కొస నేను పట్టుకున్నాం. ఆమె ఒకసారి చీరను, ఒకసారి ఆ తెరను, ఒకసారి ఈ తెరను చూసింది.

“ఎడమది” అంది. “కుడిదాంట్లో వంకాయ ఉండాది.”

నాయన చూశాడు. ఎడమదే అన్నాడు. కళ్ళజోడాయనా అంతే అన్నాడు. ముందురోజు వచ్చిన విద్యార్థులిద్దరూ (ఏమీ కొనే పని లేకపోయినా మళ్ళీ వచ్చారు) ఎడమదే అన్నారు. నాకూ ఎడమదే అనిపించింది. నోటుబుక్కులో కూడా అర మార్కు ఎక్కువున్నది అదే. పదకొండు రోజుల పని పది నిమిషాల్లో తేలినందుకు కొంచెం చిన్నబుచ్చుకుని సంచీలో చేయి పెట్టాను.

“ఆగు. కట్టుగొయ్యలు మార్చు” అన్నాడు నాయన.

నీడలో కట్టేసిన ఆవు ఎండలో కట్టేసిన ఆవు కంటే నున్నగా కనిపిస్తుందట. అందుకని చోట్లు మార్చి చూడాలట. కళ్ళజోడాయన వైర్లు పీకి, ఎడమదాన్ని కుడి వైపు, కుడిదాన్ని ఎడమ వైపు పెట్టాడు. మళ్ళీ చీర పట్టుకున్నాం.

“ఎడమది” అంది అరక్కత్త, ఏమాత్రం సందేహం లేకుండా.

నాయన, కళ్ళజోడాయన, విద్యార్థులు, నేను, అందరం ఎడమదే అన్నాం. అందరికీ నిజంగానే అలా కనిపించింది. మళ్ళీ మార్చాం. ఎడమదే. ఆరుసార్లు మార్చాం. విద్యార్థుల్లో ఒకడు, వాకిలి కుడి వైపున్నందువల్ల అటు నుంచి వెలుతురు పడుతోందనీ, కంటికి రంగు తెలిసే పద్ధతి ఇదనీ చెప్పడం మొదలుపెట్టాడు.

“నీకు పెండ్లయిందా నాయనా?” అంది అరక్కత్త.

“లేదండీ.”

“అయితే చీర రంగు గురించి మాట్లాడబాక.”

కానీ అతను చెప్పిన మాట ఆమెకు ఎక్కింది. చిత్రాన్నం తింటున్నంతసేపూ ఆలోచించి, చేయి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పింది. “లైట్ల కింద సూసి ఎవురన్నా చీర కొంటారా? అంగడి బయటికి తెచ్చి వెలుతుర్లో సూసుకుంటాం. దీన్ని గూడా బయటికి తీసుకురా.”

“బయట కనపడదమ్మా” అన్నాడు కళ్ళజోడాయన నీరసంగా.

“చీర కనపడతాదా, లేదా?”

“చీర కనపడతాది.”

“మరింకేంది?”

ఈ వాదనలో తప్పు ఎక్కడుందో అందరికీ తెలుసు. కానీ దాన్ని ఆమెతో చెప్పగలిగినవాళ్ళు ఆ షాపులో లేరు. నాయనకు మూడో పూట ఎటూ సాయంత్రం ఉంది. నాలుగింటికి బయట చూద్దామన్నాడు.

నాలుగింటికి రెండు ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ళు షాపు ముందు మెట్టు పక్కన వేసి, లోపల్నుంచి పొడుగు వైరు లాగి, మానిటర్లు పెట్టాం. స్టూళ్ళు ఊగుతున్నాయని ఒకదాన్ని నాయన పట్టుకున్నాడు, ఇంకోదాన్ని కళ్ళజోడాయన పట్టుకున్నాడు. సాయంత్రపు ఎండ ఎదురుగా పడుతోంది. కోటీ అరవై ఏడు లక్షల రంగుల్లో ఒక్కటీ కనిపించలేదు. రెండు నల్లటి అద్దాలు, వాటిలో మేము. అరక్కత్త వంగి, ఎడమదాంట్లో చూసుకుని బొట్టు సరిచేసుకుంది. నాయన గడ్డం తడుముకుని, “గీయించుకోవాల” అన్నాడు. నేను చీరను భుజం మీద వేసుకుని, ఏం చూడాలో తెలియక, అయినా చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు గుండు మీద గంధం ఇంకా ఆరని ఒకాయన వచ్చి నాయన వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఆయన భార్య. వాళ్ళ వెనక ఇద్దరు. తిరుపతి వీధిలో కంప్యూటర్ పెట్టుకుని నలుగురు నిలబడి ఉంటే దాని అర్థం ఒక్కటేనని నేను ముందే ఊహించి ఉండాల్సింది. దర్శనం టోకెన్లు ఇస్తున్నారనుకున్నారు.

“సామీ, రేపటికి ఇస్తా ఉండారా, ఎల్లుండికా?” అని అడిగాడు గుండాయన.

“ఏందిచ్చేది?” అన్నాడు నాయన.

“అదే కదప్పా సూస్తా ఉండారు మీరు.”

“మేం రంగు సూస్తా ఉండాం.”

గుండాయన వెనక్కి తిరిగి, “ఇంకా సూస్తా ఉండారంట” అని చెప్పాడు. ఆ మాట లైను పొడుగునా పోయింది. అయిదు నిమిషాల్లో సందు మలుపు దాకా జనం. ఎవరో ఆధార్ కార్డు జిరాక్సులు కావాలా అని అడుగుతున్నారు. ముసలివాళ్ళకు వేరే లైను ఎక్కడని ఒకావిడ గొడవ పెట్టుకుంటోంది. విద్యార్థులిద్దరూ లైను సరిచేయడానికి నడుం కట్టారు, ఎందుకో ఎవరూ అడగలేదు. ఇవి టోకెన్లు కావని చెబుదామని నేను గుండాయన దగ్గరి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ చెబుతూ వెనక్కి పోయాను. తల ఊపి విన్నారు, కదల్లేదు. కావంటున్నారంటే తొందరగా అయిపోతున్నాయన్న మాటేనని ఒకాయన పక్కాయనకు విడమరిచి చెప్పాడు. తిరిగి ముందుకు పోబోతే ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని ఆపింది.

“యాడికి మే దూరతావు? మేం పొద్దన్నించీ తిరగతా ఉండాం. లైన్లో రా.”

“అది నా మానిటర్ అమ్మా.”

“అందురూ అట్టనే చెప్తారు.”

ఆ విధంగా నేను, నా మొదటి ఆర్డరు కోసం, నా నోటుబుక్కు చేత్తో పట్టుకుని, నా మానిటర్ దగ్గరికి పోవడానికి లైన్లో ఇరవై ఏడో మనిషినయ్యాను. (లెక్కపెట్టాను. వేరే పని లేదు.) అంత దూరం నుంచి నాయన తలపాగా, అరక్కత్త వైరు బుట్ట మాత్రం కనిపిస్తున్నాయి. ఆ చీర ఎవరికని కూడా నన్ను ఇద్దరు అడిగారు.

అంతలో ముందు ఎవరో, “ఇస్తా ఉండారు!” అని అరిచారు. ఎందుకు అరిచారో ఇప్పటికీ తెలియదు. లైను మొత్తం ఒక్కసారి ముందుకు తోసుకుంది. నాయన మానిటర్ ను రెండు చేతులతో కౌగిలించుకోవడం, స్టూలు పక్కకు పోవడం, ఆయన మెట్టు మీద కూలబడటం, మానిటర్ మూల మెట్టుకు తగిలి టక్కుమనడం, అన్నీ తలల మధ్య నుంచి చూశాను. తోపులాట ఆగిపోయింది. నాయన లేవలేదు. ఒడిలో మానిటర్ పెట్టుకుని, విరిగిన మూలను బొటనవేలితో తడుముతున్నాడు. జీవితమంతా ఇతరుల ఆవులను చూసిపెట్టి ఒక్కదానికీ దెబ్బ తగలనివ్వని మనిషి ముఖం అప్పుడు ఎలా ఉందో నేను రాయలేను. ఈసారి నన్ను ఎవరూ ఆపలేదు. లైను తనంతట తానే దారి ఇచ్చింది.

గోరంత ప్లాస్టిక్ ఊడింది. అద్దం పగల్లేదు. కానీ ఆ ఎండలో అది వెలుగుతోందో లేదో ఎవరికీ తెలియదు. కళ్ళజోడాయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తీసుకుపోయి, వైరు పెట్టి, బటన్ నొక్కాడు. వాకిట్లో అరవై డెబ్బయి తలలు. రెండు క్షణాలు నల్లగా ఉంది. తర్వాత పెళ్ళికూతురు వచ్చింది, పీటల మీద, చీరతో సహా.

“గోవిందా!” అన్నాడు గుండాయన.

“గోవింద గోవిందా!” అంది లైను.

కళ్ళజోడాయన బయటికొచ్చి చేతులు జోడించి, ఇది అంగడి అనీ, ఇవి అమ్మకానికి పెట్టినవనీ చెప్పాడు. అంగడి యజమానే చెప్పేసరికి నమ్మారు. “ముందే చెప్పుండొచ్చు గదా సామీ” అని నొచ్చుకుంటూ విడిపోయారు.

ఏది కొనాలన్న ప్రశ్న ఇక మిగల్లేదు. “తాడు మన చేతిలో ఉండంగా ఆవుకేమన్నా అయితే అది మన ఆవే” అన్నాడు నాయన. అది సంతలో ధర్మమట. వద్దు పెద్దాయనా, కొత్త పెట్టె తీసిస్తానని కళ్ళజోడాయన బతిమాలాడు. నాయన వినలేదు. అయితే కొంత తగ్గించుకుని ఇవ్వమన్నాడు ఆయన. నాయన భుజం మీది తువ్వాలు తీసి తన చేతి మీద కప్పి ముందుకు చాపాడు. సంతలో బేరం బయటికి మాట్లాడరు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. కళ్ళజోడాయన చేయి పెట్టాడు గానీ, ఏ వేలికి ఏ అర్థమో తెలియక మొత్తం చేతిని గట్టిగా పట్టుకుని ఊరుకున్నాడు. కాసేపటికి నాయన తువ్వాలు తీసేసి, పూర్తి ధర ఇమ్మని నాకు చెప్పాడు. అమ్మేవాడు తగ్గిస్తానంటే కొనేవాడు వద్దన్న బేరం నేను మళ్ళీ చూడలేదు.

అన్నిసార్లు ఎడమ కుడి మార్చాక, మేం కొన్నది రెండింటిలో ఏదో ఎవరికీ గుర్తు లేదు. బస్సులో ఒడిలో పెట్టుకుని వీపు మీది నంబరు చూశాను. అర మార్కు తక్కువ వచ్చినది. నాయనకు చెప్పాను.

“అర మార్కంటే ఎంత?” అన్నాడు.

నాకు తెలియదన్నాను. ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

తర్వాతి రెండు రోజులూ అరక్కత్త చీరతో సహా మా ఇంట్లోనే ఉంది. నేను రంగు సరిచేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని, చీర ఒళ్ళో పరుచుకుని చెప్పేది. “ఇంకొంచెం లోతుగా. ఆ. కాదు, ఎక్కువైపోయింది. అది మిరపకాయమ్మా. వెనక్కి రా. ఇంకా రా. అది ఇటిక రంగు. నిలుపు! ఆడ నిలుపు.” ఆ రెండు రోజుల్లో నేను రంగు గురించి నేర్చుకున్నది ఏడాదిన్నర స్టూడియోలో నేర్చుకోలేదు. అందులో మానిటర్ గొప్ప ఎంతో, చీర పక్కనే ఉండటం గొప్ప ఎంతో నేను తేల్చలేను. ఎడమ సగమూ కుడి సగమూ ఒకే రంగులో ఉన్న ఏ మానిటర్ తోనైనా ఆ పని అయ్యేదేమో. ఆ మాట నాయనతో అనలేదు.

ఆషాఢానికి మూడు రోజుల ముందు ఆల్బమ్ వచ్చింది. అరక్కత్త వియ్యపురాలిని కూడా పిలిపించుకుని, ఆమె ముందే అట్ట తెరిచి, పేజీ మీద చీర కొస పరిచింది. ఎక్కడ చీర ఆగి ఎక్కడ ఫొటో మొదలైందో చూడాలంటే వంగి చూడాల్సి వచ్చింది. అరక్కత్త ఆ అంచు మీద వేలు పెట్టి రాసి చూసింది.

“మేం పెట్టిన చీరే” అంది చివరికి. వియ్యపురాలు ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను. అరక్కత్త ఇంకో పేజీ తిప్పి, “నన్నేంది ఇంత నల్లగా ఏసినావు” అంది. అది నిజమైన రంగేనని చెప్పే ధైర్యం అక్కడెవరికీ లేకపోయింది. ఆమె వల్లనే తర్వాత ఆ వీధిలో మూడు పెళ్ళిళ్ళు నాకొచ్చాయి. స్టూడియోకు తిరిగి పోవలసిన అవసరం పడలేదు. ఫ్లాషన్న కొన్నాళ్ళు చూసి నా చోట ఇంకో అమ్మాయిని పెట్టుకున్నాడు.

నాయన పోయి నాలుగు నెలలైంది. పెద్ద దినానికి, అంటే పెద్దకర్మకు, ఫ్రేము కట్టించడానికి ఫొటో కావాలన్నారు. నేను చేసే పని అదే కాబట్టి ఇంకొకరికి ఇచ్చే మాట రాలేదు. దొరికినవాటిలో మంచివి రెండు. బంధువుల పెళ్ళిలో ఎవరో వరసగా నొక్కినవి. రెండింటి మధ్య ఒక సెకండు కూడా ఉండదు. అదే చొక్కా, అదే కుర్చీ, అదే చూపు. ఒకదానిలో నోరు మూసుకుని ఉన్నాడు. రెండోదానిలో ఏదో అనబోతూ ఉన్నాడు. పక్కపక్కన పెట్టుకుని ఒక పగలంతా కూర్చున్నాను. ముప్పై దాటిన మనిషిని, ఇన్ని వందల ఆల్బములు చేసినదాన్ని, ఇంత మాత్రం తేల్చుకోలేకపోతున్నానేమిటని నా మీద నాకే నవ్వొచ్చింది. పిన్నమ్మ వచ్చి వెనక నిలబడి, “రెండూ ఒకటే గదమ్మే, ఏదో ఒగటి ఇచ్చేయ్. ఫ్రేము కట్టేటోడు కాసుకోనుండాడు” అంది. ఏదో అనబోతున్న ఫొటో ఇచ్చాను.

దినం రోజు దండ వేస్తూ పిన్నమ్మ ఆగిపోయింది. “ఇదేంది మే, మీ నాయన నోరు తెరుసుకోనుండాడే?” అంది.

అవునన్నాను.